సీటు మీద బొంత

పెళ్ళయిన ఏడాదికే మేమిద్దరం ఒకే లారీకి డ్రైవర్లమయ్యాం. ఎనభైల నాటి మాట. ఖాళీ రోడ్ల మీద నేను నడిపేదాన్ని. నాకప్పటికి అక్షరాలు రావు, బోర్డులు ఆయన చదివేవాడు. ఊరు దగ్గరపడగానే సీట్లు మారేవాళ్ళం. ఆడమనిషి నడుపుతుందని తెలిస్తే సరుకివ్వరని భయం.

నెల్లూరు నుంచి తొలిసారి వరంగల్ వెళ్ళాం. ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు ఎక్కాయి. షావుకారు కాగితాలు పట్టుకుని లారీ తలుపు దగ్గరికొచ్చాడు. రోడ్డు కనబడటానికి నేను సీటు మీద వేసుకునే బొంత తియ్యడం మరిచి, మా ఆయన దాని మీదే కూర్చున్నాడు. తల టాపుకు తగులుతోంది.

కాయలు ఏరే ముసలమ్మ ఒకామె చూసి, “గంత పొడుగున్నవ్, నీకు బొంతెందుకు కొడుకా?” అంది.

ఆయన నా వైపు చూశాడు. ఏదో అబద్ధం చెప్తాడనుకున్నాను.

“నాకు కాదమ్మా, మా ఆవిడకి. నాకంటే బాగా తోలతాది,” అన్నాడు.

కాగితాలివ్వబోతున్న షావుకారు చెయ్యి ఆగిపోయింది.

“ఎవలు తోల్తె ఏంది సేటూ, మిర్పకాయలకు ఎర్కైతదా?” అంది ముసలమ్మ.

షావుకారు నవ్వేసి కాగితాలిచ్చాడు. ఆమె నాతో, “జర పైలంగ పో బిడ్డా,” అంది. మా అమ్మ తప్ప నన్నెవరూ అలా పిలవలేదు.

ఆయన దిగాడు. నేను బొంత మీదికి జరిగి స్టీరింగ్ పట్టుకున్నాను. ఆయన చుట్టూ తిరిగొచ్చి నా పక్కన ఎక్కాడు. గేటు దాటుతుంటే క్లీనర్‌లాగా చెయ్యి బయటపెట్టి, “రైట్, రైట్,” అన్నాడు.