సీసాల మేస్త్రి ముక్కు

పొగాకు కొట్లో ఆయన్ని అందరూ సీసాల మేస్త్రి అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. పిలిచే నోరు లేక అది ఎప్పుడో మూలపడింది. కొట్టు ముందు గదిలో పైపులు, అగ్గిపెట్టెలు, పైపులు శుభ్రం చేసే తీగలు అమ్మేవారు. వెనక గది మాత్రం ఆయన రాజ్యం. కిటికీకి ఎప్పుడూ మందపాటి తెర. గోడల నిండా అరలు, అరల నిండా గాజు సీసాలు, సీసాల నిండా పైపు పొగాకు. మధ్యలో చేతులు ఆని ఆని నున్నగా అరిగిన బల్ల. ఆ బల్ల మీద రకరకాల ఆకు కలిపి, ఒక్కొక్కరి నోటికి సరిపడే మిశ్రమం తయారుచేయడం ఆయన పని.

కంపెనీ నుంచి పొగాకు గట్టిగా మూసిన డబ్బాల్లో వచ్చేది. మూత తీసేదాకా దానికి ఏ ఢోకా లేదు. తీశాకే అసలు కథ. గాలి తగిలితే ఎండిపోతుంది, ఎండితే నాలుకను కొరుకుతుంది. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, ఆ బూజు పొగతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎండడానికీ బూజుకీ మధ్య ఉన్న సన్నటి దారిలో పొగాకును చెయ్యి పట్టుకుని నడిపించడం ఒక్కటే ఆయనకు తెలిసిన విద్య.

కొనుక్కున్న వాళ్ళను ఊరికే పంపేవాడు కాదు. "పొట్లంలో ఉంచకండి బాబూ, ఇంటికెళ్ళగానే గాజు సీసాలోకి మార్చండి. మూతకి రబ్బరు చుట్టు ఉండాలి. మెడదాకా నింపండి, లోపల గాలికి చోటివ్వకండి. పొయ్యి పక్కన పెట్టొద్దు, ఫ్రిజ్జులోనూ పెట్టొద్దు. మరీ ఎండితే, కాల్చిన మట్టిపెంకు నీళ్ళలో నానబెట్టి, తుడిచి, ఒక్క పూట సీసాలో వేసి తీసేయండి. తీయడం మాత్రం మరవకండి" అని, పసిబిడ్డను పక్కింట్లో అప్పజెప్పి వెళ్ళే తల్లిలా పదే పదే చెప్పేవాడు. ఒకాయన ఈ మాట చెవిన పెట్టక సీసాలో ఆపిల్ ముక్క వేసి, వారం తిరక్కుండా పరిగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ, నా పొగాకుకి గడ్డం మొలిచిందయ్యా!"

"మీసం కూడా వచ్చేదాకా ఆగకండి, పారబోయండి" అన్నాడు మేస్త్రి. పారబోయించి, కొట్లో తనకిచ్చే వాటా పొగాకులోంచి కాస్త పొట్లం కట్టి ఇచ్చాడు. మనిషి అలాంటివాడు.

వానలు మొదలైన రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ముక్కును వెంట పట్టుకుపోయింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది భార్య. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంటుంటే ఆయన పక్కనే కూర్చుని నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు. "ఏమండీ, ఇల్లు తగలబడినా లేవరా?" అంటూ వచ్చి, ఆయన ముఖం చూసి, ఆయనకు వాసనే తెలియడం లేదని గ్రహించింది.

మర్నాడు కొట్లో ఒక్కొక్క సీసా మూతా తీశాడు. దేన్లోనూ ఏమీ లేదు. కళ్ళ ముందు ఆకు ఉంది, వేళ్ళకు తగులుతోంది, వాసన మాత్రం లేదు. పిలిస్తే పలికే పిల్లలు ఒక్కసారిగా మూగబోయినట్టయింది. డాక్టరు, "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చూద్దాం" అన్నాడు. రోజూ కొట్టు తలుపు తీసే ముందు మేస్త్రి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. ఇదివరకు ఆ దణ్ణంలో కోరిక ఉండేది కాదు. ఇప్పుడు ఒకటే కోరిక: "స్వామీ, ఇవాళ తిరిగి ఇచ్చెయ్."

కొట్టు యజమానురాలికి చెప్పలేదు. చెప్తే ముక్కు లేనివాణ్ణి ఆ బల్ల దగ్గర ఎవరు ఉంచుతారు? ఆ బల్ల లేకపోతే తనకు లోకంలో పనేముంది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆలోచన గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయేది.

దారి చూపింది భార్యే. పెళ్ళయిన కొత్తల్లో ఆయన చొక్కా వాసనకు తల తిరుగుతుందని గుమ్మం బయటే విప్పించిన మనిషి. ఆవిడ ఇప్పుడు తనంతట తానే చెయ్యి చాపింది. "తెరిచిన ప్రతి సీసాలోంచీ చిటికెడు తీసి కాగితంలో చుట్టి తీసుకురండి. నేను చూసి పెడతాను."

"నీకు పడదు కదే."

"మీరు దిగులుతో తిండి మానేస్తే అదీ పడదు నాకు."

ఆ రోజు నుంచి సాయంత్రాలు అదే పని. ఆయన ఒక్కొక్క పొట్లం విప్పడం, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని వాసన చూడటం. "ఇది బాగుంది. ఇదీ బాగుంది. అబ్బ, ఇది ఎవరు పీలుస్తారండీ, పాపం వాళ్ళ ఇంటావిడ! కానీ బాగానే ఉంది." ఆవిడ సరే అన్నదే మర్నాడు ఆయన అమ్మేవాడు.

ఒక్కసారి లెక్క తప్పింది. రిటైరైన బస్సు డ్రైవరు గారి మిశ్రమం కాస్త ఎండినట్టు అనిపించి అందులో తడి పెంకు వేశాడు. అందరికీ చెప్పే మనిషి, తీయడం తనే మరిచిపోయాడు. ముక్కు ఉన్న రోజుల్లో అయితే మూత ఎత్తగానే అదే హెచ్చరించేది. డ్రైవరుగారు మామూలుగా శనివారం వచ్చే మనిషి, వాన పడేలా ఉందని, ఆ చిటికెడు భార్య చూడకముందే వచ్చేశాడు. పెంకు తీసి పడేసి, పొగాకు వేళ్ళతో నలిపి చూశాడు మేస్త్రి. మెత్తగా ఒదిగింది, విడవగానే విచ్చుకుంది. బాగుందనుకుని పొట్లం కట్టి ఇచ్చేశాడు. అలవాటు కొద్దీ చిటికెడు ఇంటికీ తెచ్చాడు.

భార్య ఆ పొట్లం విప్పి ఒక్కసారి పీల్చి దూరంగా పెట్టింది. మళ్ళీ పీల్చింది.

"ఇది తడిసిన గోనెసంచి వాసనండీ. ఎవరిది?"

"డ్రైవరుగారిది."

"రేపు ఇవ్వకండి మరి."

ఆయన చూపు గుమ్మం వైపు పోయింది. ఆవిడకు అర్థమైపోయింది. "ఇచ్చేశారా? ఆయనకు ఉబ్బసం కదండీ!"

"రాత్రి భోజనం అయ్యాకే వెలిగిస్తాడు. ఇంకా టైముంది" అంటూ లేచాడు. ఒక కాలికి చెప్పు ఎక్కించుకుని అలాగే నిలబడిపోయాడు. "వెళ్ళి ఏం చెప్పను? ఎలా తెలిసిందంటే?"

"చెప్పేది దారిలో ఆలోచించుకోండి. ముందు నడవండి."

వీధిలోకి వచ్చేసరికి చినుకులు. కొట్లన్నీ ఒక్కొక్కటే మూసేస్తున్నారు. రొట్టెల కొట్టాయన "మేస్త్రీ, గొడుగు తీసుకెళ్ళండి" అని కేకేసినా వినిపించుకోలేదు. దారిపొడుగునా ఒకటే గింజులాట. మిశ్రమం తారుమారైంది, వేరేది ఇస్తాను అంటే సరిపోతుంది. చిన్న అబద్ధం. దాంతో ఆయన ఊపిరీ నిలుస్తుంది, తన బల్లా నిలుస్తుంది. దేవుడా, ఈ ఒక్కసారికి క్షమించు. మళ్ళీ వెంటనే ఇంకో భయం: ఇవాళ కూడా ముందే వెలిగించేసి ఉంటే? ఆ తలపు రాగానే ఆయన నడక పరుగైంది.

తలుపు తీసింది డ్రైవరుగారి అక్క. మనిషి సన్నం, నోరు పెద్దది. "రా నాయనా. ఏమిటలా తడిసిపోయావు? ఒరేయ్ తమ్ముడూ, నీ పొగాకు దేవుడు వచ్చాడు!"

డ్రైవరుగారు కుర్చీలో ఉన్నాడు. చేతిలో పైపు. ఖాళీది. మేస్త్రి తడిసిన చెప్పులు గుమ్మం దగ్గరే విడిచాడు.

"డాక్టరు రోజుకు ఒక్క పైపుకే ఒప్పుకున్నాడు" అంది అక్క. "వీడు వెంటనే వెళ్ళి చెంబంత పైపు కొనుక్కున్నాడు."

"డ్రైవరుగారూ, పొద్దున ఇచ్చిన మిశ్రమం తారుమారైంది. అది ఇచ్చెయ్యండి, మంచిది తెస్తాను" అన్నాడు మేస్త్రి గుక్క తిప్పుకోకుండా.

"దానికింత వానలో రావాలా? నువ్వు చెప్పినట్టే సీసాలోకి మార్చాను, చూడు." అలమరలోంచి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే కొలత, రెండూ దాదాపు మెడదాకా నిండి ఉన్నాయి. "అరెరే, అక్కా, అర తుడిచి వీటిని అటూ ఇటూ మార్చావా?"

"దుమ్ము తుడిస్తే అదీ తప్పేనా?"

ఒకటి ఇవాళ్టిది. రెండోది డ్రైవరుగారు రిటైరైన రోజున డిపోలో వాళ్ళంతా కలిసి ఇచ్చింది, అదీ మేస్త్రి కలిపిన ఇదే మిశ్రమం. ఏడాదికి ఒక్కరోజు, ఆ తేదీన మాత్రం, అందులోంచి ఒక్క పైపు నింపుకునేవాడు. మేస్త్రి రెంటినీ దీపం కిందికి జరిపాడు. రెంట్లోనూ ఆకు మీద సన్నటి తెల్లని చుక్కలు. ఏళ్ళ తరబడి మూతపెట్టి ఉంచిన మంచి పొగాకు మీద చక్కెర పలుకుల్లాంటి తెలుపు పేరుకుంటుంది. బూజు పుట్టేటప్పుడూ అలాగే ఉంటుంది. రెంటినీ విడదీసి చెప్పగలిగింది వాసన ఒక్కటే.

"ముక్కు పెట్టి చూడవయ్యా, నీకు క్షణం పని" అన్నాడు డ్రైవరుగారు. "నేను చూద్దామంటే జలుబు."

అక్క ముందే చేతులెత్తేసింది. "నన్నడగొద్దు. నశ్యం పీల్చీ పీల్చీ నా ముక్కు మొద్దుబారింది. గులాబీ పెట్టినా గడ్డి పెట్టినా ఒకటే నాకు."

మేస్త్రి ఒక సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోదీ పెట్టుకున్నాడు. ఏమీ లేదు. పొరపాటున మంచిదాన్ని పట్టుకుపోతే, చెడ్డది ఇక్కడే ఉండిపోతుంది. చివరికి తప్పించుకునే మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది.

"రెండూ చెడిపోయాయండీ. రెండూ పారబోయాలి."

డ్రైవరుగారు సీసాలు రెంటినీ ఒకసారి చూశాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. "నువ్వన్నాక ఇంకేముంది" అని రెంటినీ చెరో చంకలో ఇరికించుకుని పెరటి తలుపు వైపు నడిచాడు. గడప దగ్గర ఒకదాని మూత తిప్పడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నమ్మకమే మేస్త్రి గుండెకు అడ్డం పడింది.

"ఆగండి! పారబోయకండి. నాకు తెలియటం లేదు." "జ్వరం వచ్చినప్పటి నుంచీ నాకు వాసన లేదు డ్రైవరుగారూ. ఏదీ తెలియదు. మీకు బూజు పట్టింది ఇచ్చాను. ఇప్పుడు అబద్ధం కూడా చెప్పాను."

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. గొడుగు ముడుస్తూ మేస్త్రి భార్య లోపలికి వచ్చింది. "ఈయన వచ్చి ఏం వాసన చూస్తారని, ఇంట్లో ఉండలేకపోయాను వదినా" అంది అక్కతో. భర్త ముఖం చూసి, ఇంకేమీ దాచక్కర్లేదని గ్రహించింది. ఒక సీసా తీసుకుని పీల్చింది. "ఇది బాగుంది. ఎండుద్రాక్షలా ఉంది." రెండోది పీల్చి ముఖం తిప్పుకుంది. "ఇదండీ."

డ్రైవరుగారు చెడ్డదాన్ని తనే పెరట్లో పారబోసి వచ్చాడు. వచ్చి మేస్త్రి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ కొట్టు యజమానురాలికి చెప్పావా?"

"లేదు. రేపు చెప్తాను. చెప్పాక ఆ బల్ల నాది కాదు."

"అవును, కాదు" అన్నాడు డ్రైవరుగారు. ఓదార్పుకి కూడా అబద్ధం చెప్పలేదు. పైపు పక్కన పెట్టి, "నేనూ వస్తాను" అన్నాడు.

మర్నాడు యజమానురాలు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ కొట్టు పెట్టిన పెద్దయ్యగారు ఉండుంటే నిన్ను గట్టిగా కోప్పడేవారు. నాకు అదీ చేతకావటం లేదు" అంది. "కానీ మేస్త్రీ, పీల్చేది మనుషులు. నిన్ను ఇక వెనక గదిలో ఉంచలేను. ముందు గదిలో కూర్చో, అగ్గిపెట్టెలు చూసుకో. తెరిచిన సీసాలన్నీ ఇవాళే ఖాళీ చేయించాలి."

"అలాగేనమ్మా" అన్నాడు మేస్త్రి. "ఆ పని మాత్రం వేరేవాళ్ళకు ఇవ్వకండి. నన్నే చేయనివ్వండి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని తల ఊపింది.

పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాడు. సీసాలో పొగాకు గోతంలోకి వంపడం, రబ్బరు చుట్టు ఊడదీయడం, మరిగే నీళ్ళతో తొలవడం. ఒక్కొక్క సీసా ఒక్కొక్క మనిషిది. వంపుతున్నప్పుడు ఒక్కొక్కరి ముఖం కళ్ళ ముందు మెదిలింది. ముక్కుకు మాత్రం ఏమీ అందలేదు. మధ్యలో ఒకసారి ఖాళీ సీసాలో ముఖం పెట్టి గట్టిగా పీల్చాడు. వేడి ఆవిరి తగిలింది, అంతే. అప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

డ్రైవరుగారు చొక్కా చేతులు మడుచుకుని, పొడిగుడ్డ ఒకటి పట్టుకుని వచ్చి పక్కన పీట వేసుకున్నాడు.

"చలిగాలండీ, మీకు ఆయాసం వస్తుంది. లోపలికి వెళ్ళండి."

"వెళ్తాలే. ముందు ఆ సీసా ఇటివ్వు."

మేస్త్రి ఇచ్చాడు. ఇచ్చి, తర్వాతి సీసా మూత తిప్పాడు.