ఎవరికీ చెప్పొద్దు

రేణిగుంట విమానాశ్రయంలో నా టాక్సీ ఎక్కగానే ఓ పేరున్న హాస్యనటుడు ఎప్పుడూ చెప్పే మాట ఒక్కటే: "నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దు. జనం మీద పడతారు."

ఒకప్పుడు నిజంగానే పడేవారు. ఓసారి కారు అద్దం కూడా పగలగొట్టారు. సినిమాలు తగ్గి పదేళ్లయినా నల్లకళ్లద్దాలు, టోపీ, మాస్కు మాత్రం తగ్గలేదు.

మొన్న కాణిపాకంలో దర్శనమయ్యాక ఆయన మాస్కును గడ్డం కిందికి దించారు. ఎవరూ చూడలేదు. టోపీ తీశారు. కళ్లద్దాలూ తీసి, టెంకాయల అంగడి ముందు నిలబడి, సినిమా హాళ్లలో ఈలలు వేయించిన ఆ ఎడమ కనుబొమ్మను ఎగరేశారు.

అంగడామె విసుక్కుంది. "కొంచెం పక్కకి జరుగు సామీ, బేరాలు పోతా ఉండాయి."

నాకు ప్రాణం ఉసూరుమంది. పార్కింగులో ఉన్న ఇద్దరు డ్రైవర్లకు చాటుగా ఫోన్ చేశాను. వాళ్లు "సార్, సెల్ఫీ!" అంటూ పరుగెత్తుకొచ్చారు. "అబ్బబ్బ, వదలరు కదా!" అని విసుక్కుంటూనే ఆయన కనుబొమ్మ నొప్పి పుట్టేదాకా ఫొటోలు దిగారు.

తిరిగి రేణిగుంటలో దిగుతూ నన్ను దగ్గరికి పిలిచారు. తిడతారనుకుని, "తప్పయిపోయింది సార్, నేనే చెప్పినాను" అన్నాను.

"చెప్పొద్దంటే మాత్రం, ఇద్దరికేనా చెప్పేది?" అన్నారు.