పారబోయనివ్వని చెయ్యి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మాది నంగలి అనే ఊరు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే గాలి సోకిందని మా అమ్మ వేపమండలు తెప్పించేది. నేను మాత్ర మింగి పడుకునేవాణ్ణి. జ్వరం తగ్గితే పేరు మాత్రం వేపమండకే దక్కేది. బయోకెమిస్ట్రీ చదివాక మరీ ముదిరిపోయాను. రుజువు లేనిదే పులుసు బాగుందని కూడా అననని ఇంట్లో ఎగతాళి చేస్తారు. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

మాలూరు పారిశ్రామికవాడలో ఒక చిన్న పరిశోధనశాలలో నా ఉద్యోగం. అక్కడ నాకు పని నేర్పింది ఎస్తేరక్క. కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల లైన్ ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న గనిలో దుమ్ము పీల్చి పీల్చి, చివరికి ఊపిరి అందక పోయాడు. ఆమె చదువుకు మూలం అదేనని అందరికీ తెలుసు. తను మాత్రం ఆ మాట ఎత్తేది కాదు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఊపిరితిత్తుల్లో చేరిన చెత్తను ఊడ్చే పనిలో ఒక ప్రోటీన్‌కు భాగముంది. అది చాలాసార్లు బద్ధకంగా పడి ఉంటుంది. దాన్ని లేపి పని చేయించే రసాయనం కోసం ఎస్తేరక్క ఏళ్ల తరబడి వెతికింది. మందుల్లో చాలావరకు ఏదో ఒక ప్రోటీన్‌ను ఆపేవే. ఆపడం కాస్త తేలిక. తాళంలో పుల్ల విరిచినా తాళం పనిచేయడం మానేస్తుంది. తెరవాలంటే మాత్రం సరైన తాళంచెవే కావాలి. లెక్కలేనన్ని పదార్థాలు పరీక్షించి, ఆమె చివరికి ఒకదాన్ని పట్టుకుంది. అది కలిపితే ప్రోటీన్ లేచి కూర్చునేది. ప్లేటులోని చిన్న చిన్న గుంటలు మెరిసేవి.

చిక్కంతా ఒకచోటే ఉంది. అక్క తన చేత్తో శుద్ధి చేసిన ప్రోటీన్‌తోనే అది పనిచేసేది. మేం చేస్తే ప్రోటీన్ సరిగ్గా దక్కేది కాదు, గుంటలు చీకటిగానే ఉండేవి. అక్కది హస్తవాసి అని మేమంతా ఆటపట్టించేవాళ్లం. ఆమెకు ఒళ్లు మండేది.

"హస్తవాసి నాటు వైద్యుడికి ఉండనీ. సైన్సుకి ఉంటే అది సైన్సే కాదప్పా," అనేది.

పైవాళ్లకూ అదే అనుమానం వచ్చింది. వేరే ఎవరైనా మొదటినుంచీ చేసి చూపించాలి, అప్పుడూ పనిచేయకపోతే ఈ పని మూసేద్దాం అన్నారు. ఆ ఎవరైనా నేనయ్యాను. అక్క పక్కన నిలబడి చూడొచ్చు, ముట్టుకోకూడదు.

ఆ పరీక్ష రోజు ఉదయం రైల్లో అక్క లేదు. రోజూ కేజీఎఫ్‌లో ఎక్కి, నేనెక్కే బంగారుపేట దాకా నాకోసం సీటు ఆపేది. మాలూరులో దిగుతుండగా ఆమె కూతురు జెన్నిఫర్ ఫోన్ చేసింది. తెల్లారి అక్క స్నానాల గదిలో పడిపోయిందట. తమక అనే ఊళ్లోని ఆసుపత్రిలో చేర్చారు. పక్షవాతం, కుడివైపు పూర్తిగా పడిపోయింది, స్పృహ లేదు.

వాయిదా వేయమని మా మేనేజర్ని అడిగాను. మర్నాడే నిర్ణయం, నా చేతుల్లో ఏమీ లేదన్నాడు. చేయకపోతే అక్క ఇన్నేళ్ల శ్రమ గాలికి పోతుంది. సరేనని కోటు తొడుక్కున్నాను.

ప్రోటీన్‌ను శుద్ధి చేయడమంటే, కణాలను చిదిమిన రసాన్ని తెల్లటి గుజ్జు నింపిన గాజుగొట్టంలోంచి పంపడం. మనకు కావలసిన ప్రోటీన్ గుజ్జుకు అంటుకుంటుంది. అక్కర్లేనిది కింద బీకరులోకి కారిపోతుంది. ఆ కారినదాన్ని చివరిదాకా పారబోయకూడదని అక్క నియమం. బంగారం తీశాక మిగిలిన మన్ను పోసిన కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల నీడలో పెరిగిన మనిషి కదా.

"మా ఊర్లో పారేసిన మన్నులో ఇంగా బంగారం ఉండాది. ముందు చూడు, ఆమీట పారబొయ్యి," అని ప్రతి కొత్తవాడికీ చెప్పేది.

ఆ రోజు నాకు ఆ నియమం గుర్తులేదు. బుర్రంతా ఆసుపత్రిలోనే ఉంది. మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లారు. బల్ల ఖాళీ చేద్దామని బీకరు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి వంచాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

తాకినట్టు అనిపించడం కాదు, గట్టిగా పట్టుకున్నారు. వెచ్చటి చెయ్యి, బొటనవేలు ఎముక మీద నొక్కుకుంది. ఎన్నిసార్లు వంచబోయినా బీకరు వంగలేదు. తిరిగి చూశాను. గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. కాసేపటికి పట్టు సడలింది. నా మణికట్టు మీద గుర్తేమీ లేదు.

బీకరును బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాను. భయం తగ్గాక, మా ప్రోటీన్ ఉంటేనే నీలంగా మారే ద్రావణంలో ఒక చుక్క వేసి చూశాను. చిక్కటి నీలం వచ్చింది. గుజ్జును కడిగి చూస్తే దానికి అంటుకున్నది ఏమీ లేదు. కంగారులో ఉప్పు ఎక్కువ కలిపాను, దాంతో ప్రోటీన్ మొత్తం జారి బీకరులోకి వచ్చేసింది. సింకులో పోయబోయింది దాన్నే.

ఉప్పు తగ్గించి మళ్లీ గొట్టంలోంచి పంపాను. సాయంత్రం ప్లేటు చూస్తే, అక్క పదార్థం వేసిన గుంటలన్నీ మెరుస్తున్నాయి. వేయనివి చీకటిగా ఉన్నాయి. మేనేజర్ ఫొటో తీసుకుని వెళ్లాడు. పని ఆగలేదు.

బస్సెక్కి తమక వెళ్లాను. నేను నోరు తెరవకముందే జెన్నిఫర్ ఒక మాట చెప్పింది.

"మద్దేన్నం ఏమైందో తెల్దన్నా. సెలైన్ మార్చేదానికి సిస్టర్ వంగితే అమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది. కుడిచేత్తో. ఇద్దరు పట్టి వేళ్లు విడిపించినారు."

ఆ సిస్టర్‌ను నేను కలిశాను. ఆమె మణికట్టు మీద ఎర్రగా వేళ్ల అచ్చులు ఇంకా ఉన్నాయి. డాక్టరును అడిగితే, ఆ చేతిలో ఉదయం నుంచే కదలిక లేదు, సిస్టర్ పొరబడి ఉంటుందన్నాడు. మా ముందే మళ్లీ పరీక్షించాడు. చెయ్యి బరువుగా పక్కమీద పడిపోయింది.

నా సంగతి వరకు ఎలాగో సర్దుకోగలను. అక్క మాట నా మనసులో ఏ మూలో ఉండి, నా కండరాలే బిగుసుకున్నాయేమో. సిస్టర్ చేతి మీది అచ్చులను మాత్రం కళ్లారా చూశాను.

అక్క బతికింది. మాట మెల్లగా వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. ఒక ఆదివారం ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"మళ్లీ జరిగినాదా?"

"లేదక్కా."

"ఒక తూరి జరిగింది రుజువు కాదప్పా. ప్రోటీనో? అది మళ్లీ వచ్చిందా?"

ఆ రోజు తగ్గించిన ఉప్పు కొలతతో చేసిన ప్రతిసారీ వచ్చిందని, కొత్తగా చేరిన అమ్మాయి చేతిలో కూడా వచ్చిందని చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. అంత గొప్ప పని చేసి, దానికి తన చెయ్యి అక్కర్లేదని తెలిసి సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. పైగా అక్క నిక్షేపంగా బతికే ఉంది. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత అక్క కుడిచెయ్యి మరి దేన్నీ పట్టుకోలేదు. చివరిసారి అది పట్టుకున్న మణికట్టు సిస్టర్‌దా, నాదా అన్నది నేను ఇప్పటికీ చెప్పలేను.