రెండుసార్లు జరిగిన గంట

అమీర్‌పేటల పాత సామాను బండి మీద డబ్బా మానిటర్ కనబడ్డది. దాని మీద అమ్మలు కప్పే పూల గుడ్డ యాదికున్నదా దోస్తులారా?

మా కాక కంప్యూటర్ల ఎప్పుడూ అమెరికా టైమే. ఆయన మాత్రం బేగంపేట ఎయిర్‌పోర్టు గేటు సుత దాటలే. అమెరికా కొలువుకు ఫోన్ ఇంటర్వ్యూ రోజు, ఎండాకాలం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతరని విని తను సుత కంప్యూటర్ల టైం జరిపిండు. కంప్యూటర్ అప్పటికే దానంతటదే జరుపుకున్నది. ఇంకేముంది, టై కట్టుకొని గంట ముందే ఫోన్ దగ్గర కూసున్నడు. ఎంతసేపటికీ మోగకపోతే అమెరికోళ్లను తిట్టుకుంట పంజాగుట్టకు చాయ్ తాగనీకి పోయిండు. గప్పుడు మోగింది.

"ఎవడో ఇంగ్లీషోడు చేసిండురా. చాయ్ తాగనీకి పోయిండని చెప్పిన," అన్నది నాయనమ్మ, కాక తిరిగొచ్చినంక.

ఇప్పటికీ ప్రతి పెండ్లిల కాక అదే చెప్తడు. అమెరికోళ్లకు టైం విలువ తెల్వదట.