అండాలు విప్పిన ముడి

పదేళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను, ఇంట్లోవాళ్ల ముందు నోరు రాదు.

మాది పోచంపల్లి. రజాకార్ల గొడవ అణిగిన ఏడెనిమిదేళ్లకు నా మరిదికి పెళ్లయి, తోడికోడలు అండాలు మా ఇంటికి వచ్చింది. పుట్టింట్లో ముతక బట్ట నేసేవారు, చిటికి ఎరగదు. నూలు మీద రంగు అంటకూడని చోట గట్టిగా ముడి వేసి రంగులో ముంచుతాం, అదే చిటికి. నాకది పదేళ్లకే చేతికొచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఆ గర్వం ఉండేది నాకు, దాచడమెందుకు? అండాలువి మొద్దు వేళ్లు. "పుట్టుకతోని రానిది పట్టువడితే వస్తదా?" అనేది అత్త. ఏదో ఒకటి అనాలని నేనే ఒకరోజు, రోజుకు నూరు ముళ్లు కట్టు, అదే వస్తుందన్నాను. పిచ్చిది, నమ్మింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు కూడా పాత నూలు ముందేసుకుని కట్టేది, విప్పేది. వేళ్లు పగిలితే నూనె రాసుకుని మళ్లీ కట్టేది.

మూడో ఏడు ఆమె కట్టిన నూలు చూసి మా మామ, ఇది రంగులో బాగా తేలితే ఇకనుంచి చీరల చిటికి అండాలే కడుతుందన్నాడు. అప్పటిదాకా ఆ పని నాది, ఇక నాకు చవక రుమాళ్లే. నాకు దానంతటదే వచ్చిన పనిని ఒక మొద్దుచెయ్యి అందుకుంటే, ఇక నా దగ్గర మిగిలేదేమిటి? అలా అనుకున్నాననడం కూడా అబద్ధమేమో. భయపడ్డాను, అంతే. ఆమె నీళ్లకు పోయినప్పుడు పది ముళ్లు విప్పి, వదులుగా మళ్లీ కట్టాను.

ఎరుపు లోపలికి పాకింది. ఆ పది చోట్లా పూలు అలుక్కుపోయాయి. "నేను జెప్పలే!" అంది అత్త. అండాలు ఏడవలేదు. కూర్చుని మిగిలిన ముళ్లు విప్పుతూ విప్పుతూ ఒకచోట ఆగింది. నాది ఎడమచేతి వాటం, నా ముడి ఎడమకు తిరుగుతుంది. తొందరలో నాకది గుర్తే లేదు.

"అక్కా, గీ ముడి నీ ముడి లెక్కనే ఉన్నది."

దొంగకు తేలు కుట్టినట్టయింది. "నా చెయ్యి చూసి చూసి నీకు గట్లనే పడ్డదేమో. గందుకే వదులైనయి."

"గంతేనేమో అక్కా."

ఆమె మళ్లీ ముడి పట్టలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంది.

ఇప్పుడు వాడకట్టు ఆడపిల్లలు నా దగ్గర చిటికి నేర్చుకుంటున్నారు. పుట్టుకతో చెయ్యి తిరగకపోయినా ఫికర్ లేదు, రోజుకు నూరు ముళ్లు కట్టండి అంటాను. అది నిజం. నిజమని నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఆ మాట అనగానే పక్కగదిలో అండాలు రాట్నం ఆగుతుంది. ఒక్క క్షణమే. తెలిసి ఆపుతుందా, దారం తెగి ఆగుతుందా? ఏదో ఒకరోజు ఆ పిల్లల ముందు నన్ను అడిగేస్తుందేమోనని భయం. అడగకుండానే కన్నుమూస్తుందేమోనని ఇంకా భయం.

ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకు చెప్పాను. ఆ ముళ్లు నావే. పదీ నావే.