గంప కింది గుడ్లు

కోదాడ నుంచి సూర్యాపేటకు కోడలిగా వచ్చిన ఏడాదే నా చెయ్యి మంచిది కాదని పేరు పడింది. మా అత్తగారింట్లో కోడిని పొదగేస్తే గుడ్లు పేర్చాల్సింది కోడలే. పదకొండు పేర్చాను. నాలుగు రోజులకే కోడి కింద ఏడు పగిలాయి. వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా అత్తమ్మ అననే అంది.

"దీని చెయ్యి మంచిది గాదు. ఇగ గుడ్లు ముట్టకు."

నాకు ఒళ్లు మండింది. గుడ్డు ముట్టకూడని చెయ్యి పేడ మాత్రం ఎత్తొచ్చా? పైగా ఆ మాట అక్కడితో ఆగదు. ఇవాళ గుడ్లు, రేపు విత్తనాలు, ఎల్లుండి పురిటి బిడ్డలు. మిర్యాలగూడ బియ్యం మిల్లులో పనిచేసే మావారు ఇంటికొచ్చినప్పుడు చెప్పుకుంటే, అమ్మ మాటలు పట్టించుకోవద్దని నవ్వారు. ఇక నేనే తేల్చుకోవాలనుకున్నాను.

మా పుట్టింట్లో గుడ్డు కొట్టాలంటే గిన్నె అంచుకు రెండు దెబ్బలు వేయాలి. ఇక్కడ వేలు గట్టిగా తగిలితే చాలు. మా అమ్మ కోళ్లు దిబ్బంతా కెలికేవి, ఇక్కడివి పగలంతా గంప కిందే. నిజాం పాలన ఆఖరి రోజుల్లో దోపిడీ మూకలు ఊళ్ల మీద పడి కోళ్లను పట్టుకుపోతుంటే అత్తమ్మ వాటిని వంటింట్లో గంపల కింద మూసింది. గొడవలు సద్దుమణిగినా ఆ అలవాటు పోలేదు.

"రెండు పెట్టల్ని వదిలేద్దాం అత్తమ్మా."

"తిరిగితే సత్తువ పోతది. పెంకు ఇంకా పల్సగైతది. మీ కోదాడోళ్లకే అన్నీ ఎరుక!"

"నెల రోజులు చూడండి. తప్పు నాదైతే జన్మలో గుడ్డు ముట్టను."

పందెం అనేసరికి ఒప్పుకుంది. ఇంట్లో ఉన్న నాలుగూ ఒకే ఈడు పెట్టలు, నాలుగింటికీ గుప్పెడు జొన్నలే. వదిలిన రెండూ కూలిన గోడ సున్నపు పెచ్చులు, కాలువ గట్టు నత్తగుల్లలు పొడుచుకు తినేవి. గంప కోళ్ల గుడ్లకు బొగ్గుతో గీత పెట్టాను. నెల నిండాక గిన్నెలో చుట్టకుదురు వేసి, గుడ్డు నిలబెట్టి, పైన చిన్న పీట పట్టుకుని, మిరపకాయలు తూచే రాళ్లు పేర్చాను. గీత గుడ్డు రెండో సేరుకే చితికింది. గీత లేనిది నాలుగు సేర్లు మోసింది.

"ఒక్కదానితోటి ఏం తెలుస్తది?" అంది అత్తమ్మ.

న్యాయమే. ఇంకో పది రోజులు రోజుకో జత తూచాను. ఒకరోజు గంప గుడ్డే గెలిచింది, అదీ దాచకుండా చూపించాను. మిగతా రోజులన్నీ తిరిగే కోళ్లవే గట్టిగా నిలిచాయి. ఇంటిల్లిపాదికీ గుడ్డు కూర మొహం మొత్తింది.

పదకొండో రోజు పొద్దున్నే అత్తమ్మ గంపలు రెండూ ఎత్తేసింది. ఆ కోళ్లు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత మెల్లగా వాకిట్లోకి నడిచాయి. మళ్లీ కోడి పొదుగుకు వచ్చినప్పుడు ఆమే వాడకట్టు ఆడవాళ్లను పిలిచి గుడ్లు నా కొంగులో పోసింది.

"కోళ్లను మూసింది నేను. నింద దీని మీదేసిన. నువ్వే పెట్టు బిడ్డా."

గెలిచాను కదా, నవ్వాలి. నవ్వు రాలేదు. మొదటి గుడ్డు పెట్టే ముందు నా చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాను. ఇన్నాళ్లూ అందరితో పోట్లాడుతూనే ఆ నిందను నేనూ సగం నమ్మానని అప్పుడు తెలిసింది.