గుడిదీర్ఘం

మా మేడం పోయారు. ఆదివారం పొద్దున, ఇబ్రహీంపట్నంలో, తన ఇంట్లోనే. క్రైస్తవ ముస్లిం సంబంధాల గురించి విశ్వవిద్యాలయంలో జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. ఆమె దగ్గర చదువుకున్న నాకు ఆ కబురు తెలిసింది విభాగం వాళ్లు పంపిన సంతాప పత్రంతో. చదివి ఏడవాల్సింది పోయి ఒళ్లు మండింది. ఆమె తన పరిశోధనకు పెట్టుకున్న పేరు ‘మా ఊరి ఆమీన్’. వీళ్లు ‘మా ఊరి ఆమేన్’ అని అచ్చేశారు. బతికినన్నాళ్లూ ఆమెతో దిద్దించలేకపోయిన మాటను పోయిన మర్నాడే దిద్దేశారు!

ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను. చేరిన కొత్తలో ఆమె తన రాతప్రతి చదవమని ఇస్తే, నా తెలివి చూపించుకోవడానికి ప్రతి ‘మీ’నీ పెన్సిల్‌తో ‘మే’ చేశాను. ముస్లింలది ఆమీన్, క్రైస్తవులది ఆమేన్, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. ఆమె సాసర్‌లో చాయ్ పోసుకుంటూ కాగితాలు తిరగేసి నవ్వారు.

“జర కూసో. గిది తప్పని నీకెవరు చెప్పిన్రు?”

అప్పుడు చెప్పారు. ఆమె తండ్రి ఊరి క్రైస్తవులకు ప్రార్థన చెప్పేవాడు. పక్కిల్లు ఒక ముస్లిం దర్జీది. నిజాం మీద పోరాడే సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని రజాకార్లు తండ్రి కోసం వస్తే, ఆ దర్జీ గుమ్మానికి అడ్డం నిలబడి “ముందు నన్ను కొట్టున్రి” అన్నాడట. పోలీస్ యాక్షన్ జరిగింది. రజాకార్ల మీది కసి ఊళ్లలోని ముస్లింలందరి మీదా పడింది. దర్జీ ఎటో పారిపోయాడు, భార్య చిక్కుకుపోయింది. సూదీ దారం తప్ప ఏమీ ఎరగని ఇంటికి ఆ శిక్ష ఏమిటి? ఏ న్యాయం అది?

మేడం వాళ్లమ్మ ఆ దర్జీ భార్యకు తన చీర కట్టి ప్రార్థన గుడిసెలో ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టింది. కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి గుమ్మంలో నిలబడింది. ప్రార్థన ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ దర్జీ భార్య నోట ఆమీన్ వచ్చింది. వాక్యాలన్నీ కంఠతా వచ్చిన ఎనిమిదేళ్ల మేడం వెంటనే దిద్దింది.

“గట్ల గాదు, ఆమేన్ అనాలె!”

గుంపు లోపలికి చూసింది. వాళ్లమ్మ తొణకలేదు. “నువ్వూకో బిడ్డా. మన గుళ్ల ఆమీన్ అనే అంటం గదా” అంది. గుడిసె గుడిసంతా “ఆమీన్” అంది. గుంపు కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ అందరితో, “దేవుని ఇంట్ల అబద్ధమాడిన. ఇగ నుంచి గట్లనే అందాం, నిజమైతది” అందట. ఆ ఊరి గుడిలో ఆనాటి నుంచీ ఆమీనే.

“ఒక్క గుడిదీర్ఘం కోసం ఆమెను నేనే చంపిస్తుంటి” అన్నారు మేడం. అప్పుడు నవ్వలేదు.

అందుకే ఆమె పెన్సిళ్లకు ములుకు కంటే ముందు రబ్బరు అరిగేది. “పక్కోని మాట దిద్దేముందు, గట్లెందుకన్నడో అడుగు” అనేవారు. ‘మతాంతర సంవాదం’ అని మేం గొప్పగా రాస్తే, “మాట్లాడుకునుడు అన్రి, అందరికి సమజైతది” అనేవారు. అలాంటి మనిషిని పట్టుకుని, అచ్చుతప్పు దిద్దితేనే పట్టా అన్నాడు పరీక్షకుడు. ఎందుకలా రాశారని ఒక్కమాట అడగలేదు. ఆమె ఏళ్ల తరబడి పట్టా లేకుండా ఉన్నారు గాని అక్షరం మార్చలేదు. ఆ పరీక్షకుడు మారాకే పట్టా వచ్చింది. సంవాదం నేర్పే చోట అడగడం రాని పెద్దలు!

మేడం పుట్టిన ఊళ్లో, సమాధుల దగ్గర, పట్నం నుంచి వచ్చిన కుర్ర పాస్టరు ప్రార్థన ముగించి “ఆమేన్” అన్నాడు. వెనక నుంచి ఊరి ఆడవాళ్లు ఒక్క గొంతుతో “ఆమీన్” అన్నారు. ఆ గొంతుల్లో దర్జీ మనవరాలిదీ ఉంది. నా పక్కన నిలబడ్డ విభాగం పెద్దాయన, “పాపం, పలకడం రాదు వీళ్లకు” అని గొణిగాడు.

“అవ్ సార్, మాకు రాదు” అన్నాను, అందరికీ వినబడేలా.

ఆయన చేతిలోని సంతాప పత్రం లాక్కున్నాను. జేబులోంచి పెన్సిల్ తీసి, ‘మే’ మీది ఏత్వం కొట్టేసి, గుడిదీర్ఘం పెట్టి, శవపేటిక మూయకముందే ఆమె చేతుల దగ్గర ఉంచాను.